మేస్త్రీ సోంబాయి

"నీదేముందే, పోతవ్, పోరగాళ్లను ఆడిపిస్తవ్, తలా ఓ గుడ్డు చేతుల పెట్టి ఇంటికొస్తవ్" అన్నడు మేస్త్రీ జాన్సన్, చెప్పుల్ల కాళ్లు పెట్టుకుంట.

మహిమ మొగని టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నది. పొద్దుగాల అయిదింటికి లేచిన మనిషి. నల్లా నీళ్లు పట్టింది, వాకిలి ఊడ్చింది, అత్తమ్మ సంతోషమ్మ మోకాళ్లకు నూనె రాసి ఆమె ప్రార్థన అయ్యేదాంక పక్కన కూసున్నది. ఇద్దరు కొడుకులను లేపి, తానాలు పోసి, బడి ఆటో ఎక్కిచ్చింది. ఇయ్యన్ని చేసిన చేతులతోనే డబ్బా అందించింది. జాన్సన్ మాటల కోపం లేదు, ఎటకారం గూడ లేదు. బయట మబ్బు వట్టింది అన్నట్టు మామూలుగ అన్నడు. గందుకే ఆ మాట ఆమెను దినమంత ఇడిచిపెట్టది. తిట్టేటోనికైతే ఎదురు చెప్పొచ్చు. ఉన్నదే చెప్తున్న అనుకునేటోనికి ఏం చెప్తం? అత్తమ్మదీ గదే ముచ్చట. "పక్కింటి షారోన్ బ్యాంకుల కూసుంటది, దాన్ని నౌకరి అంటరు. నీది ఆయమ్మ పనే గద బిడ్డా" అంటది, ప్రేమగనే. తొమ్మిదేండ్ల సంది అంగన్‌వాడీ టీచర్‌గ చేస్తున్న మహిమ తొమ్మిదేండ్ల సంది ఆ మాటకు నవ్వి ఊకుంటున్నది.

ఆమె సెంటర్ నస్పూర్‌ల గని కార్మికుల క్వార్టర్ల ఎనుక ఒక కిరాయి గది. ముందట చిన్న వాకిలి, వాకిట్ల రేకుల పందిరి. మూడేండ్ల నుంచి అయిదేండ్ల దాంక పిల్లలు పదిహేడు మంది ఉండె. బడులు తెరిచినంక అయిదుగురు ప్రైవేటుకు పోయిన్రు. హర్షిణి బాపు కొండల్, గనిల పనిచేసేటాయన, మొన్ననే వచ్చి నిలవడ్డడు. "టీచర్, ఏమనుకోకు. మా బిడ్డ గీడ ఏం నేర్సింది? ఏబీసీడీలు రావు, ఒకటి రెండ్లు రావు. వచ్చే నెల సంది ప్రైవేటుకు తోలుత" అన్నడు. ఇంకో నలుగురు పోతే సెంటర్‌ను పక్క బస్తీ సెంటర్ల కలుపుతరని సూపర్‌వైజర్ మంజుల మేడం చెప్పనే చెప్పింది.

పిల్లలు వస్తున్నరు, తింటున్నరు, పోతున్నరు. మహిమకు తెలుసు, కొండల్ మాటల సగం నిజముందని. పాట పాడిపిస్తే పాడుతరు. "ఇదేంది?" అని బొమ్మ చూపెడితే "ఆవు" అంటరు. "ఆవు ఏం జేస్తున్నది?" అంటే మొఖాలు చూసుకుంటరు. ఒక్క మాట దాటి రెండో మాట రాదు. ఇగ సోంబాయి సంగతైతే ఆ ఒక్క మాట గూడ లేదు. నాలుగున్నరేండ్ల పిల్ల. ఉట్నూర్ అవతలి గూడెం నుంచి పనికొచ్చిన కుటుంబం, ఇంట్ల గోండి మాట్లాడుతరు. తల్లి గంగుబాయి జాన్సన్ చేతికిందనే కూలి. ఏడు నెలల సంది సోంబాయి వచ్చి గోడకు వీపానిచ్చి కూసుంటది, గుడ్డు తింటది, చూస్తది. గొంతెట్లుంటదో ఎవ్వలకు ఎర్కలేదు. "మూగది గావచ్చు బిడ్డా" అన్నది ఆయా కనకవ్వ. రిజిస్టర్ల 'మాటలు' అన్న గడిల మహిమ పెన్సిల్‌తోని 'ఇంకా లేవు' అని రాసింది. పెన్నుతోని రాయబుద్ధి కాలేదు.

ఆ మంగళవారం ఆమె ఫోన్‌ల హాజరు ఎక్కిస్తున్నది. ఫోటో ఎక్కుతలేదు, చక్రం తిరుగుతనే ఉన్నది. మూలకు కోడిగుడ్ల అట్టలు కుప్పవడి ఉన్నయి. నాలుగేండ్ల సాయిచంద్ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్సుడు షురూ చేసిండు. వాని బుజాల దాంక వచ్చింది, తలదాంక వచ్చింది, ఒక్కసారే దబ్బున కిందవడ్డది. మహిమ "అరేయ్" అని తలెత్తింది. కోప్పడేదే. గంతల నలుగురు పిల్లలు ఒక్కసారి నోరు తెరిచిన్రు.

"కూలింది!"

"వీడే కూలగొట్టిండు టీచర్!"

"నేను గాదు, అది సక్కగ లేకుండె!"

"మా ఇంటికాడ గూడ కూలింది, వాన వడ్డప్పుడు గోడ కూలింది, మా తాత ఉరికిండు!"

నాలుగో మాట హర్షిణిది. మూడు సంగతులు ఒకదానెనుక ఒకటి, వరుస తప్పకుండ. రెండేండ్లల హర్షిణి నోటెంట అంత పొడుగు మాట మహిమ వినలేదు. ఫోన్ కింద పెట్టింది. హాజరు ఎక్కిందో లేదో చూడలేదు. నేల మీద పిల్లల నడుమ చతికిలవడ్డది.

"మల్ల కడ్తమా?" అన్నది. "ఈసారి కూలకుంట. ముందుగాల ఏం పెట్టాలె?"

గా గంటల ఏం జరిగిందో మహిమకు తర్వాత వరుసగ గుర్తు లేదు.  కింద వెడల్పుగ పెట్టాలన్నడొకడు. బరువుండాలన్నదొకతె. బరువెట్లొస్తది అని ఆమె అడిగితే వాకిట్లకు ఉరికి ఇసుక తెచ్చిన్రు. ఖాళీ అయిన బాలామృతం పిండి పాకిట్లల్ల ఇసుక నింపి కనకవ్వ సూదిదారంతోని కుట్టింది. "గియ్యి ఇటుకలు" అన్నరు పిల్లలు. అన్నం వేళ దాటిపోయింది. మహిమ ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనుతలేవు. ఏ సర్కులర్‌ల లేనిది, ఏ ట్రైనింగ్‌ల ఎవ్వరు చెప్పనిది, తన కండ్ల ముందట పుట్టింది.

మర్నాటి సంది సెంటర్ సెంటర్‌లెక్క లేదు. పొద్దుగాల పిల్లలు వచ్చుడు వచ్చుడే "టీచర్, ఇయ్యాల పని ఏంది?" అంటున్నరు. పక్క గల్లీల లేస్తున్న రెండంతస్తుల ఇల్లు చూపియ్యనీకి మహిమ అందర్ని చీరకొంగు పట్టిచ్చి తీస్కపోయింది. దూరంగ నిలవెట్టి చూపెట్టింది. గది పునాది, గది పిల్లర్, గా కట్టెలు కట్టింది గోవ, దాని మీద నిలవడి కడ్తరు, మేస్త్రీ చేతుల ఉన్నది తాపీ, ఇనుప తస్లల కలిపిన సిమెంటు మాలు. వాపస్ వచ్చినంక ఆ మాటలన్ని పిల్లల నోళ్లల్ల కొత్త బెల్లంముక్కల్లెక్క తిరిగినయి. మహిమ మాటలు చెప్పి ఊకోలేదు. అడిగేది. ఎందుకు? తర్వాత? ఇది పెట్టకపోతే ఏమైతది? ఒక్క మాట చెప్పినోని పక్కన కూసుండి, ఆ మాటకు ఇంకో మాట అతికి, వానికే తిరిగిచ్చేది. "కిటికి" అంటే, "కిటికి ఏ దిక్కు పెడ్దం, ఎందుకు?" అనేది. సాయిచంద్ బాగ ఆలోచించి "రోడ్డు దిక్కు. ఎందుకంటే బాపు డ్యూటీ నుంచి వచ్చేది కనవడాలె" అన్నడు. ఆ మాటను ఆమె పాత క్యాలెండర్ ఎనుక పెద్ద అక్షరాలతోని రాసి గోడకు అంటించింది. తెల్లారికి ప్రతి పోరడు, ప్రతి పిల్ల తమ మాట గూడ రాయమని గుంజుడు మొదలువెట్టిన్రు. హర్షిణి ఒక అట్టముక్క తెచ్చి, "ఈడ 'పని నడుస్తున్నది, కుక్కలు రావద్దు' అని రాయి టీచర్" అన్నది. రాసినంక వేలు పెట్టి, "గిది 'న'నా? కనకవ్వల గూడ ఉంటదా?" అని అడిగింది. ఏబీసీడీలు రావన్న కొండల్ గా నిమిషాన అక్కడుంటే బాగుండు అనుకున్నది మహిమ.

మాపటికి గంగుబాయి బిడ్డను తీస్కపోనీకి వచ్చినప్పుడు ఆమెను గూడ కూసోవెట్టింది. "ఇంటిని మీ మాటల ఏమంటరు?" అని అడిగింది. గంగుబాయి సిగ్గువడ్డది. పొద్దంత మాలు మోసి సిమెంటు తెల్లగ అంటిన చేతులు కొంగుల దాచుకున్నది. "రోన్" అన్నది మెల్లగ. నీళ్లను? "ఏర్." పిల్లలు పట్టుకున్నరు. "ఏర్ తే! ఏర్ తే!" అని వాకిలంత లొల్లి. అప్పటిదాంక గోడకు వీపానిచ్చి కూసున్న సోంబాయి తల్లి మొఖం దిక్కు చూసింది, పిల్లల దిక్కు చూసింది, లేచి వచ్చి ఇసుకల కూసున్నది. మాట రాలే. కని గోడ మాత్రం ఇడిచివెట్టింది.

జాన్సన్ సంచిల పాత తూకం గుండు ఒకటి ఉండె. దారానికి కట్టి ఇడిస్తే గోడ నిటారుగ ఉన్నదా లేదా చెప్పే ఇనుప గుండు. మహిమ అడగకుండనే తీస్కపోయింది. అడిగితే రాదని ఎర్కనే. దాంతోని 'వంకర', 'సక్కగ', 'ఇంత జరుపు', 'జరంత ఎక్కువైంది' అనే మాటలన్ని ఒక్క పూటల వచ్చినయి.

ఒక్క సంగతి ఆమెను గుచ్చింది. మొగపిల్లలు తాపీలు, అంటే అట్టముక్కలు, పట్టుకుంటున్నరు. ఆడపిల్లలు ఎవ్వలు చెప్పకుండనే ప్లాస్టిక్ తట్టలు నెత్తికెత్తుకొని వరుసల నిలవడుతున్నరు. "హర్షిణీ, నువ్వెందుకు కడ్తలేవు?" అని అడిగితే, ఆ పిల్ల టీచర్‌కు ఇదిగూడ తెల్వదా అన్నట్టు చూసింది. "ఆడోళ్లు మోస్తరు టీచర్. మొగోళ్లు కడ్తరు." సక్కటి మాట, తప్పు లేని మాట, పూర్తి మాట. తనే నేర్పింది గట్ల మాట్లాడుమని.  మహిమ లేచి అట్టముక్క తీసి, "ఇయ్యాల సంది దినానికొక్కరు మేస్త్రీ. ఇయ్యాల ఎవరు?" అన్నది.

చేతులు లేచినయి. గన్ని చేతుల నడుమ ఒక నల్లటి సన్నటి చెయ్యి, చప్పుడు లేకుండ, అందరికంటె పైకి. సోంబాయి.

మహిమ అట్టముక్క ఆమె చేతుల పెట్టింది. సోంబాయి పోయి గోడ ముందట నిలవడ్డది. నడుము మీద చెయ్యి వెట్టింది. తట్ట ఎత్తుకొని మెల్లగ వస్తున్న హర్షిణి దిక్కు తిరిగి, సెంటర్ రేకులు అదిరేటట్టు ఒక్క కేక వెట్టింది.

"మాల్ తేవే! కాళ్లిరిగినయానే?"

పిల్లలు పకపక నవ్విన్రు. కనకవ్వ చేతుల గిన్నె కింద పెట్టి, "ఓ దేవుడా, మాట్లాడింది! బిడ్డా, సోంబాయి మాట్లాడింది!" అని చప్పట్లు కొట్టింది. మహిమ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏడు నెలలు! మూగది గాదు, పిల్ల మూగది గాదు! ఉరికి ఎత్తుకోబోయి ఆగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆ 'తేవే'ల దీర్ఘం, 'కాళ్లిరిగినయానే' అన్నప్పటి విసురు, అచ్చం జాన్సన్‌దే. ఇంట్ల ఆ కేక చాయ్ కోసం వస్తది. పనికాడ ఆ కేకే మాలు కోసం పోతది. సెంటర్ లేనప్పుడల్ల ఈ పిల్ల పనికాడ ఇసుక కుప్ప మీద కూసుండి, జాన్సన్ తల్లిని ఆ మాట అంటుంటె విన్నది. తెలుగంటే గిదే అనుకున్నది. ఇన్ని దినాలు నోట్ల దాచుకొని, మేస్త్రీ అయిన దినం బయటికి తీసింది.

పిల్లను తిట్టొద్దు. పుట్టిన మాటను నోట్లకు తిరిగి నూకొద్దు. మహిమ పోయి సోంబాయి ఎదురుంగ మోకాళ్ల మీద కూసున్నది.

"మేస్త్రీ, మస్తు గట్టిగ చెప్పినవ్. అందరికి వినవడ్డది. కని మాలు మోసే ఆమెకు పేరుంటది గద? పేరు వెట్టి పిలువు, ఇంక జల్ది వస్తది."

సోంబాయి తట్ట మోసే పిల్లను కింది నుంచి మీదికి చూసింది. పేరు తెలుసు, ఏడు నెలల సంది వింటనే ఉన్నది. పెదాలు కదిలినయి.

"హర్షిణీ. మాల్ తే." కొంచెం ఆగి, తనంతట తనే, "ఏర్ గూడ తే" అన్నది.

"తెస్తున్న మేస్త్రీ!" అని హర్షిణి ఉరికింది. ఆ పూట గోడ మహిమ నడుముదాంక లేచింది. సోంబాయి ఆపలేదు. సగం గోండి, సగం తెలుగు, చెయ్యి తిప్పుకుంట, "గీడ వంకర, గీడ సక్కగ, సాయిచంద్, జరుగు" అని మేస్త్రీతనం చేసింది. మహిమ రిజిస్టర్ తీసి 'ఇంకా లేవు' అన్నదాన్ని రబ్బరుతోని తుడిచింది. గా గడిల ఏం రాయాల్నో తోచలే. గంత చిన్న డబ్బాల గన్ని మాటలు పట్టయి.

రెండో దినం పదకొండు గంటలకు వాకిట్ల బండి ఆగింది. జాన్సన్. కొత్త గుండు దారం తెగిందట, పాతదానికోసం ఇల్లంత ఎతికిండట. చెప్పులతోనే గడపకాడ నిలవడి, పిల్లలు, కనకవ్వ, అప్పుడే బిడ్డను చూడనీకి వచ్చిన కొండల్, అందరి ముందట కేకేసిండు.

"ఏమే! నా గుండేది? మేస్త్రీ సామాను పోరగాళ్ల ఆటకు తీస్కపోతరా ఎవ్వలన్న? సోయి ఉన్నదానే నీకు?"

పని ఆగిపోయింది.  మహిమ ఎప్పటిలెక్క నవ్వి, "తెస్త" అనబోయింది. గంతల ఇటుక చేతుల పట్టుకున్న హర్షిణి, తప్పు దిద్దే గొంతుతోని, "టీచర్‌కు పేరుంటది. పేరు వెట్టి పిలువు" అన్నది.

సోంబాయి గూడ తల ఊపింది. "పేరు వెట్టి పిలువు, జల్ది వస్తది."

కొండల్ ఫక్కుమని నవ్వి నోరు మూసుకున్నడు. జాన్సన్ పిల్లలను చూసిండు. వాళ్లెవ్వలు ఎటకారం చేస్తలేరు. నిజంగనే సాయం చేస్తున్నరు.  జాన్సన్ గోడ దిక్కు చూసిండు. మేస్త్రీ కండ్లు గద, ఆగలేకపోయినయి. నిటారుగనే ఉన్నది. గొంతు సవరించుకున్నడు.

"మహిమా, గుండియ్యి" అన్నడు.

ఆమె దారం చుట్టి ఇచ్చింది. బండి పోయినంక కొండల్ గోడకున్న క్యాలెండర్ కాయితాల కాడికి పోయి, హర్షిణి మాట ఎక్కడున్నదో చూపియ్యమన్నడు. హర్షిణి వేలు పెట్టి చదివింది, సగం గుర్తుతోని, సగం అక్షరంతోని. "ఇంట్ల గూడ నోరు మూస్తలేదు టీచర్" అన్నడు కొండల్. "నాకే చెప్తది, బాపు, పునాదికి ముందుగాల తవ్వాలె అని. నేను గనిల తవ్వేటోన్ని!" ప్రైవేటు ముచ్చట ఆయన మల్ల ఎత్తలే.

శుక్రవారం మంజుల మేడం వచ్చింది. ఇసుక చూసి ముందు మొఖం చిట్లించింది, "గిదేం గలీజు మహిమా" అన్నది. కుర్చీ కొంగుతోని తుడిచి కూసున్నది. పది నిమిషాల్ల లేస్త అన్న మనిషి గంటన్నర కూసున్నది. సోంబాయి ఆమెను తట్ట మోయమన్నది. మోసింది. పోయేటప్పుడు మహిమ చెయ్యి పట్టుకున్నది. "ఉట్నూర్‌ల వచ్చే వారం ఏజెన్సీ టీచర్లకు మూడు దినాల ట్రైనింగ్ ఉన్నది. ముప్పై మంది. ఆడ పిల్లలు ఇంట్ల ఒక భాష, బడిల ఒక భాష. నోరు తెరుస్తలేరని టీచర్లు పరేషాన్ అయితున్నరు. నువ్వొచ్చి గిది చూపెట్టాలె. మూడు దినాలు ఆడనే ఉండాలె. ఇంట్ల అడిగి చెప్పు."

ఇంట్ల అడిగి చెప్పు. గా మాట చెవుల వడ్డంక మహిమ గోడ మీది కాయితాల ముందట చానసేపు నిలవడ్డది. పన్నెండు మంది పిల్లల మాటలు. ఒక్కటి గూడ ఒంటి మాట గాదు. మల్ల, ఇంట్ల తను మాట్లాడే మాటలు మనసుల వరుస వెట్టుకున్నది. ఆ. సరే. తెస్తున్న. అయిపోయింది. వడ్డిస్త. అత్తమ్మా, మందు గోలి. ఏండ్ల సంది గింతే. ఎవ్వలు మూగదని రాయలేదు, ఎందుకంటే అవతలోళ్లకు కావాల్సిన మాటలన్ని ఆమెకు వచ్చు. తనకు కావాల్సినయి రావు. పోవాల్నా, తేవాల్నా, వండాల్నా అని అడుగుడే వచ్చు. గా ఆలోచనకు ఏడుపు రావాలె, కని ఆమెకు నవ్వొచ్చింది. నాలుగున్నరేండ్ల పిల్ల ఏడు నెలల్ల నోరు తెరిచింది. నాకు ముప్పైనాలుగు. జర ఆలస్యమైంది, గంతే.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరు అన్నాలకు కూసున్నరు. మహిమ ఎప్పటిలెక్క నిలవడి వడ్డించలే. గిన్నెలు నడుమ పెట్టి, తనూ కంచం ముందట పెట్టుకొని కూసున్నది.

"నేను బుధవారం పొద్దుగాల ఉట్నూర్ పోతున్న" అన్నది. "ముప్పై మంది టీచర్లకు నేర్పనీకి పిలిచిన్రు. మూడు దినాలు ఆడనే ఉంట. శుక్రవారం మాపటికి వస్త."

చెప్పినంక ఆమెకే వింత అనిపించింది. ఒక్క అడుగుడు గూడ లేదు ఆ మాటలల్ల.

సంతోషమ్మ ముద్ద చేతులనే ఆపింది. "ఊరు గాని ఊర్ల మూడు దినాలా? వద్దంటే వద్దని చెప్పొచ్చు గద బిడ్డా."

"వద్దనబుద్ధి కాలే అత్తమ్మా. పోవాలని ఉన్నది. మస్తు ఉన్నది."

ఆ 'మస్తు' అన్నప్పుడు ఆమె మొఖం ఎట్లున్నదో గని జాన్సన్ కంచం నుంచి తలెత్తి చూసిండు. కోప్పడనీకి చూసినోడు, కోపం సగంల మర్చిపోయినట్టు చూస్తనే ఉన్నడు. చివరికి అతనికి దొరికింది ఒక్కటే అడ్డం.

"మరి మూడు దినాలు అన్నమెవరు వండుతరు? పిల్లలను బడికెవరు తోలుతరు? అవ్వ మోకాళ్లకు నూనె?"

మహిమ చారు పోసుకున్నది. జవాబు నాలిక మీదికి వచ్చింది, పాతదే. పొద్దుగాల వండి పెట్టిపోత, కూరలు చేసి ఫ్రిజ్‌ల పెడ్త, షారోన్‌కు చెప్పిపోత. మూడు దినాల పని ఒక్క దినంల చేసి పోవుడు. గా మాటను ఆమె అన్నంతోని పాటు మెల్లగ మింగింది.

"నాకు తెల్వది" అన్నది. "మీరిద్దరు కూసోని మాట్లాడుకోన్రి."

కంచం ఎత్తుకొని లేచింది.  ఎనుక సంతోషమ్మ గొంతు మెల్లగ, "నీకు పప్పన్న వండ వస్తదారా?" అని అడుగుతున్నది. ఆమె ఆగి వినలే. లోపలి అర్రలకు పోయి, బట్టల సంచి దులిపి మంచం మీద పరిచింది. చీరలు ఎన్ని పెట్టాల్నో తర్వాత చూడొచ్చు. ముందుగాల ఆ ముప్పై మంది టీచర్లను ఏం కట్టుమనాలె? ఆ దిక్కు వానకాలం వాగులు వస్తే పిల్లలు ఊరు దాటలేరని గంగుబాయి చెప్పింది. కాయితం తీసింది, పెన్ను తీసింది, మంచం అంచున కూసుండి రాసింది: ఇల్లు వద్దు, ముందుగాల వంతెన.